దొరవారి బరువంత రాయి

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదంటే ఆ చివర కరువొచ్చిందన్న కబురు ఈ చివరికి చేరేసరికి అక్కడ మళ్ళీ వానలు పడిపోయేవి, జూలప్ప అనే సింహం రాజ్యం చేస్తుండేవాడు. ఆయన్ని అందరూ దొరవారనేవారు. అడవంతా తిరిగి ప్రజల కష్టసుఖాలు కనుక్కోవాలని దొరవారు పదేళ్ళుగా అనుకుంటూనే ఉన్నారు. నడిచి వెళితే రాజులా ఉండదు గదా అన్న ఒక్క కారణంతో గుహలోనే ఉండిపోయారు.

చివరికి ఒక ఏడు దర్బారులో తీర్మానమైంది. దొరవారి పర్యటనలకి ఒక జోడురథం తీసుకోవాలని.

జోడురథమంటే మామూలు బండి కాదు. పొడవాటి ముక్కు, వెనక్కి వాలుగా దిగే కప్పు, రెండే తలుపులు, ముందు రెండు మెత్తటి సీట్లు. వెనక కూడా రెండు సీట్లుంటాయి గాని అవి ఉన్నాయని చెప్పుకోవడానికే. వాటిలో కుందేలు కూర్చోవాలన్నా చెవులు మడుచుకోవాలి.

ఆ తీర్మానం విన్న దగ్గర్నుంచి దర్బారు కార్యదర్శి లౌక్యనాథానికి కుదురు లేకుండా పోయింది. లౌక్యనాథం నక్క. ముందు సీట్లు రెండు, అందులో ఒకటి దొరవారిది, మరి రెండోది ఎవరిది? రోజుల తరబడి దొరవారి చెవి పక్కన కూర్చునేవాడు ఎవడైతే వాడు చెప్పినట్టే అడవి నడుస్తుంది. ఆ సీటు దక్కితే తను కిరీటం లేని రాజు. దక్కకపోతే మోదుగాకుల మీద ఉత్తర్వులు రాసుకుంటూ ముసలివాడైపోవాల్సిందే.

పోటీకి ఉన్నది ఒక్కడే, మంత్రి బొంతయ్య. ఎలుగుబంటి. మాట్లాడేది తక్కువ, తేనె తినేది ఎక్కువ. అలాంటివాళ్ళంటేనే లౌక్యనాథానికి భయం.

కబురు పెట్టగానే మూడు రథాలు వచ్చి గుహ ముందు నిలబడ్డాయి. మొదటిది 'మారుతం'. గిజిగాళ్ళు గడ్డితో అల్లింది, రెండు దుప్పులు లాగుతాయి. రెండోది 'రాజసం'. ఒక పెద్ద వేగిస మానుని చెదలు లోపల్నుంచి తొలిచి చేశాయి, లాగేవి రెండు అడవిదున్నలు. మూడోది పొరుగడవి నుంచి వచ్చింది. దాని పేరు ఎవరికీ నోరు తిరగలేదు. రెండు కంచరగాడిదలు దాన్ని లాగుతాయని చెప్పారు. అది అంగుళం కదలకముందే దర్బారులో సగం మంది అదే మంచిదని తేల్చేశారు.

"తెలియని బండి దొరవారిని ఎక్కించడం మంచిది కాదు," అన్నాడు బొంతయ్య నెమ్మదిగా. "నా బరువూ దొరవారి బరువూ ఇంచుమించు ఒకటే. ఆయన సీట్లో నేను కూర్చుని నాలుగు రోజులు తిరిగి చూసొస్తాను."

లౌక్యనాథం గుండె జారిపోయింది. కాని మొహంలో చిరునవ్వు మాత్రం జారలేదు.

"మంత్రిగారి భక్తి గొప్పది. కాని దొరవారి సీట్లో మంత్రిగారా? ఇవాళ పరీక్ష కోసమే కూర్చుంటారనుకోండి. రేపు అలవాటైతే? నేననడం లేదు దొరా, నలుగురూ అంటారు."

దొరవారి జూలు నిక్కబొడుచుకుంది. "అయితే ఎవర్ని కూర్చోబెట్టమంటావు?"

"ప్రాణమున్నవాళ్ళెవరూ వద్దు. తమరి బరువంత రాయిని పెడదాం. రాయికి ఆశలుండవు. పక్క సీట్లో నేను కూర్చుని కుదుపులవీ రాసుకుంటాను. కష్టమే గాని, తమరి కోసం పడతాను."

అందరికీ నచ్చింది. ఏనుగులు ఒక బండ మీద దూలం అడ్డంగా వేసి ఒక కొసన దొరవారిని, ఇంకో కొసన రాయిని పెట్టి తూచాయి. సరిపోయే రాయి దొరికేలోగా దొరవారు భోజనానికి వెళ్ళొచ్చారు. మళ్ళీ ఇంకో పెద్ద రాయి వెతకాల్సి వచ్చింది. పరీక్ష అసలు ప్రయాణంలాగే ఉండాలన్నారు కనుక ఆ రాయికి దొరవారి శాలువా నిండుగా కప్పి, పైన తెల్లగొడుగు పెట్టారు.

"మంత్రిగారు కూడా రావచ్చు," అన్నాడు లౌక్యనాథం తీయగా. "వెనక సీటు ఖాళీగానే ఉంది."

బొంతయ్య పాపం నిజంగానే ఎక్కబోయాడు. తల దూరింది, భుజాలు దూరాయి, నడుం దగ్గర ఇరుక్కుపోయాడు. రెండు ఏనుగులు కాళ్ళు పట్టుకుని లాగితే సగం బొచ్చు రథంలో వదిలేసి బయటపడ్డాడు.

"నా నడుం పట్టేసింది," అన్నాడు రొప్పుతూ. "మీరు వెళ్ళిరండి. నేను దొరవారి దగ్గరే కూర్చుంటాలెండి."

రథం కదిలాక లౌక్యనాథం కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వులో బొంతయ్య చివరి మాట సరిగా వినిపించుకోలేదు.

పరీక్షకి ఇచ్చిన గడువు పదిహేను రోజులు.

మొదటి రోజే మారుతం రెల్లుపేట చేరింది. ఆ పేటవాళ్ళు తెల్లగొడుగు చూశారు, శాలువా చూశారు, అమాంతం సాష్టాంగపడ్డారు. లౌక్యనాథం నిజానికి "లేవండయ్యా, ఇది రాయి" అని చెప్పబోయాడు. నోరు తెరిచాడు కూడా. అంతలో ఎవరో బుట్టెడు ఎండ్రకాయలు తెచ్చి ఎదురుగా పెట్టారు. లావుగా, నల్లగా, ఇంకా కాళ్ళాడిస్తున్నాయి.

"దొరవారికి సంతోషమైంది," అన్నాడు లౌక్యనాథం. "వారి తరఫున నేను పుచ్చుకుంటాను."

ఆ సాయంత్రం బొడ్డెమ్మ అనే ముళ్ళపంది అర్జీ పట్టుకొచ్చింది. ఆమె కందగడ్డల చేలో అడవిపందులు పడి తవ్వుకుపోతున్నాయి. మూడేళ్ళ కిందట అంత దూరం నడిచి దర్బారుకి వెళితే, రెండు ముక్కలు చెప్పకముందే దొరవారు ఆవులించారు. మూడో ముక్కకి గర్జించారు. భయంతో తిరిగొచ్చేసింది.

ఈసారి మొదలుపెట్టాక ఎవరూ ఆవులించలేదు. ఎవరూ గర్జించలేదు. బొడ్డెమ్మ కందగడ్డల సంగతి చెప్పింది, మొగుడు పోయిన సంగతి చెప్పింది, మొగుడు ఉన్నప్పటి సంగతులు ఇంకా ఎక్కువ చెప్పింది. చెబుతూ చెబుతూ కళ్ళొత్తుకుంది.

"ఎంత ఓపికయ్యా దొరవారికి! పుట్టి బుద్ధెరిగాక నా మాట చివరిదాకా విన్నది ఈయనొక్కడే."

వెనకాలే నిలబడ్డ అడవిపందులు కూడా ఇదంతా విన్నాయి. వాళ్ళ వంతు వచ్చినప్పుడు పెద్దపంది శాలువా వైపు చూసి చెమటలు కక్కింది. "దొరవారు అలా ఏమీ అనకుండా చూస్తుంటే నాకేదో అవుతోంది. ఇకనుంచి ఆ చేలోకి పోం," అని తనంతట తనే ఒప్పేసుకుంది.

పేటంతా జేజేలు కొట్టింది. ఒక్క లౌక్యనాథం మాత్రం ఎండ్రకాయ నమలడం ఆపి రాయి వైపు అనుమానంగా చూశాడు.

పదిహేను రోజులు పదిహేను పేటల్లో ఇదే వరస. గడువు అయిపోవచ్చింది. రథం ఏదో తేల్చేస్తే ఈ విందులు ఆగిపోతాయి. పైగా పక్క సీటు తనకే ఇస్తారన్న నమ్మకం లేదు. అందుకని లౌక్యనాథం గుహకి లేఖ రాశాడు: "ఎండలో చూశాం గాని వానలో చూడకుండా చెప్పడం కష్టం." వానలయ్యాక మంచులో చూడాలన్నాడు. మంచయ్యాక, మొదటి రథాన్ని ఎండలో చూసి ఏడాది కావస్తోంది, మళ్ళీ మొదట్నుంచీ చూడాలన్నాడు.

గుహలో ప్రతి లేఖా బొంతయ్యే చదివి వినిపించేవాడు. "పోనీలెండి దొరా, తొందరేముంది," అని ఇంత తేనెపట్టు విరిచి ఆయన ముందు పెట్టేవాడు.

ఈలోగా లౌక్యనాథం నివేదిక తయారుచేశాడు. అందులోంచి కొన్ని ముక్కలు:

"మారుతం. మలుపుల్లో దీన్ని మించింది లేదు. సీటు ఒంటిని వదలదు, దిగాక గడ్డి కూడా వదలదు. పులి వాసన తగిలితే దుప్పులు వాటంతటవే వేగం పెంచుతాయి. తగ్గించడం ఎలాగో ఇంకా తెలియలేదు."

"రాజసం. దీనిలో కూర్చుంటే రాళ్ళ దారి కూడా ఇసుక దారిలా ఉంటుంది. తయారుచేసినవాళ్ళు ఇప్పటికీ ఇందులోనే కాపురం ఉండి రథాన్ని అనుక్షణం కనిపెట్టుకుని ఉంటారు. వాడేకొద్దీ బరువు తగ్గే రథం ఇదొక్కటే."

"పొరుగడవి రథం. ఆగి ఉన్నప్పుడు ఇంత అందమైన రథం మరొకటి లేదు. కంచరగాడిదలు చాలావరకు ఆపే ఉంచుతాయి కనుక ఆ అందాన్ని తీరిగ్గా చూడవచ్చు."

ఇవన్నీ పైపై మాటలు. అసలు పని పన్నెండో అంశంలో ఉంది. "ఏ రథం తీసుకున్నా సరే, దొరవారి పక్క సీట్లో ఏడాదికి తగ్గకుండా కూర్చుని కుదుపులు అలవాటైనవాడే కూర్చోవాలి. ఒకసారి నియమించాక వాణ్ణి ప్రాణం ఉన్నంతవరకూ మార్చరాదు, ఆ సీటు వదిలి అతను వేరే పని చేయరాదు." అడవిలో అలాంటివాడు ఒక్కడే ఉన్నాడు. లౌక్యనాథం ఆ అంశాన్ని ఏడుసార్లు చదువుకుని మురిసిపోయాడు.

నివేదిక చదివే రోజు గుహ ముందు మైదానం నిండిపోయింది. దొరవారికి కొత్త రథం వస్తోందని తెలిసి పేటలన్నీ కదిలొచ్చాయి. బొడ్డెమ్మ దొరవారి కోసం కందగడ్డలు మోసుకొచ్చింది.

లౌక్యనాథం పన్నెండు అంశాలూ గొంతెత్తి చదివాడు. దర్బారు ఏకగ్రీవంగా ఆమోదించింది. చదివింది వినకపోతే ఏదైనా ఏకగ్రీవమే. అతని ఒళ్ళు తేలిపోయింది. తలెత్తి బొంతయ్యని చూస్తే, బొంతయ్య నింపాదిగా చేతికంటిన తేనె నాకుతున్నాడు.

దొరవారికి రాజసం నచ్చింది. సేవకులు శాలువా తీసి, అందులోని రాయిని దింపి పక్కన గడ్డిలో పెట్టారు. దొరవారు ఠీవిగా కాలు లోపల పెట్టారు. ఆ కాలు రథం అడుగు చీల్చుకుని కిందికి దిగిపోయింది. చెదలు ఆ ఉదయమే అడుగుపలక భోంచేసి ముగించాయి. ఒక కాలు రథంలో, ఒక కాలు కింద, మధ్యలో మోకాలు చెక్కుకుపోయిన దొరవారు ఆకాశం దద్దరిల్లేలా గర్జించారు.

అప్పుడు బొడ్డెమ్మ ముందుకొచ్చింది.

"ఈ అరిచేది ఎవరయ్యా? మా దొరవారేరి?"

"నేనే దొరని!" అని అరిచారు జూలప్ప.

"అదెలా బాబూ? మా దొరవారు అరవడం మానేసి ఏడాదైందే. ఎంత చెప్పినా వింటారు." బొడ్డెమ్మ గడ్డిలో ఉన్న రాయిని పోల్చుకుంది. ఆ బరువు, ఆ వాలు, ఆ మౌనం. గబగబా వెళ్ళి కొంగుతో దుమ్ము తుడిచి, కందగడ్డలు దాని ముందు పెట్టింది. "అయ్యో దొరవారూ, మిమ్మల్ని కింద పడేశారా!"

మిగతా పేటలు కూడా అటే కదిలాయి. అది రాయి అని వాళ్ళకి ఇప్పుడు స్పష్టంగానే కనబడుతోంది. అయినా ఎవరూ వెనక్కి తగ్గలేదు. "రాయైతే ఏం, మాకు కుదిరింది," అంది రెల్లుపేట పెద్దపంది.

దొరవారి కళ్ళు ఎర్రబడ్డాయి. పంజా లేచింది. లౌక్యనాథం పైప్రాణాలు పైనే పోయాయి.

బొంతయ్య వంగి దొరవారి చెవిలో ఏదో చెప్పాడు. ఏడాదిగా ఆ చెవికి అలవాటైన గొంతు అది.

"కోపమెందుకు దొరా? పర్యటనంటే ఏముంది, దుమ్ము, కుదుపులు, కందగడ్డల గోల. చూశారుగా, మొదటి అడుగుకే మోకాలు పోయింది. ఆ తిరుగుడేదో రాయి తిరుగుతుంది. పేరు తమరిది. తమరు గుహలోనే ఉండండి, నేను పక్కనే ఉంటాను."

దొరవారు మోకాలు నాక్కుంటూ ఆలోచించారు. మొహం మెల్లగా విప్పారింది. పదేళ్ళుగా ఆయన మనసులో ఉన్న మాట అదే.

"ఇకమీదట మా తరఫున ఈ రాయి పర్యటిస్తుంది," అని ప్రకటించారు. జనం కేరింతలు కొట్టారు. "రథం మారుతం. పక్క సీటు సంగతి..." అని ఆగారు.

"పన్నెండో అంశం, దొరా," అని గుర్తుచేశాడు బొంతయ్య. "ప్రాణం ఉన్నంతవరకూ."

అలా లౌక్యనాథానికి తను కోరుకున్న సీటే, తను రాసుకున్న మాటల ప్రకారమే దక్కింది. రోజూ గొడుగు కింద కూర్చుంటాడు. పేటలవాళ్ళు ఇప్పుడు ఎండ్రకాయలు తేవడం లేదు, దొరవారు తినరని అందరికీ తెలిసిపోయింది. పైగా అర్జీ చెప్పుకునే ప్రతివాళ్ళూ అతన్నే కసురుకుంటారు. "కాస్త అటు జరగవయ్యా. దొరవారితో ఏకాంతంగా మాట్లాడుకోవాలి."

ఒకరోజు మిట్టమధ్యాహ్నం దారిలో దుప్పులు మేతకి ఆగాయి. చుట్టుపక్కల ఎవరూ లేరు. లౌక్యనాథం అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకుని, రాయి వైపు వంగాడు. బొంతయ్య చేసిన మోసం చెప్పాడు, తన తెలివి తనకే చుట్టుకున్న వైనం చెప్పాడు, చిన్నప్పట్నుంచీ తన మాట ఎవరూ నమ్మలేదన్న బాధ చెప్పాడు. ఆ చివరి బాధ తనలో ఉందని అంతవరకూ అతనికే తెలియదు.

రాయి మధ్యలో అడ్డు రాలేదు. చెప్పడం అయిపోయేసరికి పొద్దు వాలింది, అతని మనసు తేలికపడింది. లేచి, జారిపోయిన శాలువా సర్ది, చేతులు జోడించి "చిత్తం దొరా" అన్నాడు.

నీతి: రాజ్యం చేయడానికి తెలివీ అక్కర్లేదు, ప్రాణమూ అక్కర్లేదు; ఆవులించకుండా ఉంటే చాలు.