తొక్క గీకిన నిమ్మకాయ సాదం

ఈ ఏడు ఆషాఢంలో జరిగే ఆడి పూజ విందులో నిమ్మకాయ సాదం ఆధునిక పద్ధతిలో తయారగునని, బంధుమిత్రులు ఆకలితో విచ్చేసి సహకరించవలెనని తమిళనాట సూలూరు పక్కనున్న ఒకానొక తెలుగు సంఘం అధ్యక్షులు రత్నసభాపతి గారు మైకులో సెలవిచ్చారు. ఏటేటా ఆ సాదం, అంటే మన పులిహోర, కలిపేది ఆయన భార్య లక్ష్మమ్మాళ్. ఊళ్లో ఆమెకున్న పేరంతా ఆ సాదం పేరే. బాగుంటే సంఘం ఘనత, చెడితే లక్ష్మమ్మాళ్ చెయ్యి.

ఆధునిక పద్ధతి అనగా జెస్టర్. నిమ్మతొక్కను సన్నగా గీకే సాధనం. వీడియోలో ఒక దొర పసుపు తొక్క గీకి, కాయను పక్కన పెట్టాడు. తరవాత ఏం చేశాడో చూసేలోపు అధ్యక్షుల వారి ఫోన్లో చార్జి అయిపోయింది. కనుక కాయను పక్కన పెట్టడంతో విధానం సమాప్తమని ఆయన నిర్ధారించారు. మూటలకు మూటలు స్వహస్తాలతో గీకారు. ఆ వాసనకు పైన పోయే విమానం రెక్క వంచి ఓ చుట్టు తిరిగి మరీ పోయింది. నమ్మనివాళ్లు విమానాన్నే అడగవచ్చు.

"ఏనుంగో, ఏమండీ, తెల్లతోలు దాకా గీకితే చేదెక్కుతాది. పులుపంతా కాయలో గదా ఉండాది!" అంది లక్ష్మమ్మాళ్.

"నువ్వు సుమ్మా ఊరకుండవే. దొరకి తెలీంది నీకు తెలుసునా?"

ఆమె సుమ్మానే ఉంది. చెత్తకు పోతున్న బోడికాయలను మాత్రం వంటింటికి చేర్పించింది.

విందులో ఆ సాదం వేపపూతకు పాఠం చెప్పింది. పులుపు జాడ లేదు. అందరూ కళ్లు మూసుకుని మింగి "రొంబ బాగుండాది" అన్నారు. అధ్యక్షుల వారు "అందరికీ నమస్కారం" అని తెలుగులో మొదలుపెట్టి, తాతల నాటి తెలుగును కాపాడుకోవలసిన ఆవశ్యకత గురించి మైకు వేడెక్కేదాకా చక్కటి తమిళంలో ఉద్బోధించారు. చప్పట్లు మోగాయి.

ఆయనకు అక్క వరసయ్యే నాగమ్మాళ్ మాత్రం ఎంగిలి చేత్తోనే నిలదీసింది. "ఏమ్మా లచ్చుమీ, ఈ చేదు నీ చెయ్యేనా?"

పందిరంతా లక్ష్మమ్మాళ్ వైపు తిరిగింది.

"కాదొదినా. తొక్క మీ తమ్ముడి మైకు కాడ ఉండాది. రసం కావాల్సినోళ్లు వంటింటికి రాండి."

పందిరి ఖాళీ అయింది. బోడికాయల రసం పిండి ఆమె కలిపి ఉంచిన సాదాన్ని అండా గిన్నె అడుగు దాకా గీకి తిన్నారు. వెనక గుమ్మంలోంచి అధ్యక్షుల వారు కూడా విచ్చేసి, రెండోసారి వడ్డించుకుని, ఆకు మడిచారు.

మర్నాడు సంఘం ఏకగ్రీవంగా తీర్మానించి, జెస్టర్‌కు దండ వేసి, "తెలుగే మా ప్రాణం" అని తమిళంలో రాసిన బోర్డు పక్కన వేలాడదీసింది.

నవ్వుతున్నారా? నవ్వండి. నవ్వయ్యాక ఈ కథను మీ మనవడి చేతికివ్వండి. తానే చదువుకుంటే సంతోషం. మీరు చదివి వినిపించాల్సి వచ్చిందా, మీ ఇంట్లో తెలుగును గీకే జెస్టర్ ఎప్పుడు కొన్నారో కాస్త గుర్తు చేసుకోండి.