నీళ్లలో ఆవు

ఆ ఉదయం శాస్త్రవేత్తగారి పథకం చాలా తేలిక. తనిఖీ అధికారిణి రాగానే, మేకపాలలో ఆవుపాలు కలిపితే ఇట్టే పట్టేసే తన పరికరం చూపించాలి. ఆవిడ మెచ్చితే నిధులు, లేదంటే ప్రయోగశాల మూత. పరికరమంటే అగ్గిపుల్లంత పట్టీ. దాని కొసన కంటికి ఆనని బంగారు నానోరేణువులు, వాటికి అతికించిన డీఎన్ఏ ముక్కలు. ఆవు డీఎన్ఏ వచ్చి వాటిని పట్టుకుంటే కరెంటు మారుతుంది, తెరమీద గీత లేస్తుంది.

ఒకసారి సరిచూద్దామని, చిక్కటి పాల టీ తాగుతూ మేకపాల చుక్క వేశారు. గీత లేచింది! పాలవాడికి ఫోన్ చేసి చెడామడా తిట్టారు.

"నా దగ్గర మేకలే ఉన్నాయి సార్. నమ్మకపోతే వాటికే ఫోనిస్తా, మీరే అడగండి," అన్నాడు పాలవాడు.

కంగారులో ఇంకో టీ తాగి, ఈసారి ఉత్త నీళ్లు వేసి, పట్టీ మీదికి వంగి బతిమాలారు. గీత ఇంకా పైకి పోయింది.

"నీళ్లలోకి ఆవెలా వచ్చింది బావా?" అంది సహాయకురాలు. ఆవిడ ఆయన భార్య చెల్లెలు కూడా కాబట్టి అడిగే హక్కుంది.

"ఆవు నీళ్లు తాగదా ఏంటి? తాగుతూ డీఎన్ఏ వదిలేసుంటుంది!"

సీసా మార్చారు, బల్ల కడిగారు, మధ్యమధ్య టీ తాగారు. గీత దిగలేదు. ఇంతలో అధికారిణి రానే వచ్చింది.

"ఇవి నీళ్లేనా?"

"నీళ్లేనండీ."

"మరి ఆవంటోందేం?"

"ఇది పనికిరాదు మేడం. దీన్ని తయారుచేసిన నేనూ పనికిరాను," అంటూ కళ్లు తుడుచుకుని బయటికి నడిచారు.

మరదలు కొత్త పట్టీ తీసింది. నీళ్లు వేస్తే గీత కదల్లేదు. మేకపాలకూ కదల్లేదు. ఆవుపాల చుక్క పడగానే చివ్వున లేచింది. అధికారిణి మళ్లీ చూపించమంటే మరో పట్టీ మీద నీళ్లు వేసింది. గీత బుద్ధిగా పడుకుంది.

"చూశారా!" అని గుమ్మం బయటినుంచి ఇదంతా చూస్తున్న శాస్త్రవేత్త ఆనందం పట్టలేక పరుగున వచ్చి, ఆ పట్టీ మీదికి వంగి అరిచారు. గీత మళ్లీ లేచింది.

అధికారిణి పట్టీని చూసింది, ఆయన్ని చూసింది. "ముందు ఆ మీసం తుడుచుకోండి సార్. టీ కారుతోంది."

ఆయన నెత్తి కొట్టుకున్నారు. "అది ఆవుపాల టీ! కల్తీ ఎక్కడుందా అని ఊరంతా వెతికాను. కల్తీని నేనేనా!"

"మీసం మీది తుంపరనే పట్టేసిందంటే ఇంకేం కావాలి? నిధులిస్తాం. కానీ ఒక్క షరతు," అంది అధికారిణి నవ్వుతూ.

తన పరికరం ఎంత గొప్పగా పనిచేస్తుందో ఆయన ఇప్పుడు రోజూ చూస్తున్నారు, కిటికీ బయట నిలబడి.