శంకుస్థాపనకు ముందే పూర్తయిన రోడ్డు

కొత్తలంక నుంచి ద్రాక్షారామం వెళ్ళే రోడ్డు ఒక్క పూటలో పూర్తయిపోయిందని తెలియజేయడానికి మిక్కిలి చింతిస్తున్నాం.

ఆ దారి గుంతల్లో ఆటో తోలి తోలి విజయ్ పాల్ నడుము ఎప్పుడో గుల్లయింది. ఇరుసు ఇంకొక్కసారి విరిగితే బండి అమ్ముకోవడమే. అలాంటిది, ఎక్కడో అచ్చుపోసిన కాంక్రీటు పలకల్ని లారీల్లో తెచ్చి క్రేనుతో పక్కపక్కనే దించేసరికి, మధ్యాహ్నానికల్లా రోడ్డు తయారు! విజయ్ పాల్ పనేమీ లేకపోయినా దాని మీద అటూ ఇటూ తిరిగాడు. చేతిలో టీ గ్లాసు పట్టుకుని తోలినా చుక్క తొణకలేదు.

"స్తోత్రం ప్రభువా!" అన్నాడు.

అంతలో బాజాభజంత్రీలతో నాయకులు చంద్రరావు గారు శంకుస్థాపనకు విచ్చేశారు. చూద్దురు కదా, రోడ్డు వేసేసి ఉంది!

"శంకుస్థాపన అవకుండా రోడ్డేంటండీ? పెళ్ళి కాకుండా బారసాల చేస్తామా?" అని ఇంజనీరు ప్రసన్నకుమార్ మీద మండిపడ్డారు.

"పలకలు కదండీ... ఇట్టే అయిపోతాయండి," అని ఇంజనీరు నీళ్ళు నమిలాడు.

అధికార యంత్రాంగం హుటాహుటిన కదిలింది. క్రేను పలకల్ని పైకి లేపింది. పూడ్చిన గుంతలన్నిటినీ నిబంధనల ప్రకారం తిరిగి తవ్వించారు. పొడిగా ఉంటే సహజత్వం లోపిస్తుందని పంటకాలువకు ఇంజను పెట్టి గుంతల్లోకి నీళ్ళు తోడించారు. ఊడదీసిన పలకలతో సభావేదిక కట్టారు. అంత గట్టి వేదిక జిల్లాలోనే లేదు. చంద్రరావు గారు కొబ్బరికాయ కొట్టి, వేదికెక్కి, "ఈ గుంతలు చూస్తుంటే నా కడుపు తరుక్కుపోతోంది!" అని కళ్ళొత్తుకున్నారు. జనానికి కోడి బిర్యానీ పొట్లాలు పంచారు.

విజయ్ పాల్‌కి ఏడుపొక్కటే తక్కువ. "మళ్ళీ ఎప్పుడేస్తారండీ?" అని ఇంజనీరును అడిగాడు.

"ఇవాళ సాయంత్రానికే వేసేయొచ్చండి."

ఆ మాట చంద్రరావు గారి చెవిన పడింది. ఆయన ప్రజాస్వామ్యవాది. వెంటనే మైకు అందుకున్నారు.

"ప్రజాభిప్రాయమే నాకు శిరోధార్యం! ఇవాళే వేసేయమంటే వేసేస్తారు. కానీ ప్రారంభోత్సవం ఉండదు, బిర్యానీ ఉండదు. లేదూ, వచ్చే నెల మంచి ముహూర్తం చూసుకుని, ఇంతకు రెట్టింపు ఘనంగా చేసుకుందామా?"

"ప్రారంభోత్సవమేనండీ!" అని ఊరు ఊరంతా చేతులెత్తింది. అందరికంటే ముందు లేచిన చెయ్యి విజయ్ పాల్‌ది.

ఇంటికి వెళ్తుంటే అప్పుడే తవ్విన గుంతలో ఆటో దిగబడి, ఇరుసు ఫెళ్ళుమంది. పిల్లల కోసం అడిగి తెచ్చుకున్న పొట్లం తడవకుండా సీటు మీద పెట్టి, విజయ్ పాల్ మోకాలి లోతు బురదలో దిగి నెట్టాడు.

"ఈ నాయకులున్నంత కాలం మనం బాగుపడమండీ," అన్నాడు.

పక్కన నెడుతున్నవాళ్ళంతా ముమ్మాటికీ నిజమేనన్నారు.