రొట్టెల హోటల్ ముందు ధర్నా

చిట్యాలలో సర్వీసు రోడ్డు పక్కన జొన్నరొట్టెల హోటల్ పెట్టిన కొత్తలో విజేందర్ కోడి కూయకముందే లేచేవాడు. కంపెనీలో స్టోర్‌కీపర్ ఉద్యోగం మానుకొని మరీ పెట్టాడు. ఆ ఊపు అలాంటిది. రెండో నెలకు లేవడం మిగిలింది, ఊపు పోయింది. గిరాకీ లేదు. ఒకచోట కూర్చోలేక బల్లలను అటూ ఇటూ జరిపేవాడు. బోర్డును ఒకరోజు గోడకు, ఒకరోజు కరెంటు స్తంభానికి కట్టేవాడు.

ఆ రోజు పొద్దున పళ్లు తోముకుంటుంటే అతనికి ఒక ఉపాయం తట్టింది. ఖాళీ హోటల్ ముందు ఎవరూ బండి ఆపరు. జనం కనిపిస్తేనే జనం వస్తారు. అందుకని చుట్టాలను పిలిచి బల్లల దగ్గర కూర్చోబెట్టాలనుకున్నాడు. రొట్టెలు చేసే భార్య మెర్సీ వింటే నవ్వుతుందని హోటల్ వెనక్కి వెళ్లి, ఊళ్లో ఉన్న మేనమామ ఇస్రాయేలుకు ఫోన్ చేశాడు.

"మామా, జర మనోళ్లందర్ని తీస్కొని హోటల్ కాడికి రాండ్రి. వచ్చి కూసోవాలె. నేను చెప్పేదాక ఎవ్వలు లెవ్వద్దు. మెర్సీకి మాత్రం తెల్వనియ్యకు."

ఇస్రాయేలు బతుకంతా కూలీల సంఘంలో తిరిగిన మనిషి. అందరూ వచ్చి కూర్చోవడం, చెప్పేదాకా లేవకపోవడం అంటే ఆయనకు తెలిసిన అర్థం ఒక్కటే. మేనల్లుడిని ఎవరో జాగా ఖాళీ చేయమంటున్నారు, పాపం పెళ్లానికి కూడా చెప్పుకోలేకపోతున్నాడు అనుకున్నాడు.

కాసేపటికి హోటల్ ముందు ట్రాక్టర్ ఆగింది. అందులో చుట్టాలతో పాటు షామియానా, మైకు కూడా ఉన్నాయి. విజేందర్ ఎదురెళ్లి లోపల కూర్చోమని బతిమాలాడు. లోపల కూర్చుంటే ఎవరికి కనపడుతుందని మామ కోప్పడి, సర్వీసు రోడ్డుకు అడ్డంగా టార్పాలిన్ పట్టాలు పరిపించాడు. ఇది ధర్నా కాదని విజేందర్ ఎంత చెప్పినా, బాగా బెదిరించినట్టున్నారని అత్త ఎస్తేరు కళ్లు తుడుచుకుంది. ఆమె ఏడుపు చూసి పక్కన కూరగాయలు అమ్ముకునేవాళ్లూ వచ్చి కూర్చున్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు. హైదరాబాద్ పోయే బస్సు ఆగింది. దాని వెనుక లారీలు ఆగాయి.

కానిస్టేబుల్ వచ్చి మీ డిమాండ్ ఏమిటని అడిగాడు.

"డిమాండే లేదు సార్. అందుకే పిలిచిన," అన్నాడు విజేందర్.

ఆయన ఇంకోసారి అడిగేలోపే జాగా యజమాని బీరప్ప బండి దిగాడు. ఒళ్లంతా చెమటలు. ధర్నా తన మీదేనని ఎవరో చెప్పగా ఆదరాబాదరాగా వచ్చాడు. మైకు తానే అందుకున్నాడు.

"ఫోన్ల దుకాణమోనికి ఇస్తనని నిన్న ఒక్క మాట అన్న. గంతే. ఇంకా బయాన పైసలు తీసుకోలే. మీకెవ్వలు చెప్పిండ్రు?"

ఇస్రాయేలు ఇదంతా తనకు ముందే తెలుసన్నట్టు తలాడించాడు. విజేందర్‌కు కోపం రావాలి. వచ్చింది మాత్రం చిన్న ఆశ. యజమానే పొమ్మంటే, చేతగాక హోటల్ మూసుకున్నాడని ఎవరూ అనరు. సరే, వాళ్లకే ఇయ్యి అనడానికి మైకు దగ్గరికి నడిచాడు.

మెర్సీ పిండి చేతులతో బయటికి వచ్చింది. ఆమె బీరప్ప వైపు చూడలేదు, మొగుడి ముఖం చూసింది. అందులో ఏముందో కనిపెట్టేసింది.

"పొద్దుగాల్నుంచి రొట్టెలు కొడుతున్నది నేను. అలిసిపోయింది నువ్వా?" అంది మెల్లగా.

మెల్లగా అన్న ఆ మాట మైకులో పడి రోడ్డంతా వినిపించింది. విజేందర్ తల దించుకున్నాడు. అంతలో బస్సు కిటికీలోంచి ఒక పెద్దమనిషి, రొట్టెలు వేడిగా ఉన్నాయా అని అడిగాడు. అతను దిగితే వెనకాల ఇంకొందరు దిగారు. తర్వాత డ్రైవర్ దిగాడు. డ్రైవర్ దిగాక మిగతావాళ్లకు దిగడం తప్ప పనిలేదు. లారీలవాళ్లు వచ్చారు. కానిస్టేబుల్ కూడా రెండు కట్టించుకున్నాడు. బీరప్ప ఖాళీ చేయించనని మైకులో మాటిచ్చి, నలుగురి మధ్య కూర్చొని తిన్నాడు. పిండి అయిపోతే విజేందర్ గిర్నీకి పరుగెత్తాడు. ఆ పరుగులో మొదటి నెల ఊపు కనిపించి మెర్సీ పెనం మీదికి తల తిప్పుకొని నవ్వుకుంది.

మర్నాడు పొద్దున ఇద్దరు మనుషులు హోటల్‌ను వెతుక్కుంటూ వచ్చారు. తమ ఊరికి బస్సు కోసం ఇలాంటిదే ఒక ధర్నా చేయించిపెట్టమన్నారు. విజేందర్ వాళ్లకు మామ ఫోన్ నంబర్ ఇచ్చి, ఎంతమంది తింటారో మాత్రం తాను కనుక్కున్నాడు.