దీవించాక కూర్చోకూడదు

ఆ ఉదయం సోవియట్ కిర్గిజియా రాజధాని ఫ్రూంజే నగరంలో దోరొన్‌బెక్ టీ తాగుతూ వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం తన కొత్త రచనను తన ఆర్కెస్ట్రా చేత వాయించాలి, మాస్కో నుంచి వచ్చిన అధికారి గ్లేబ్ అర్కాద్యెవిచ్ మెచ్చుకోవాలి, ఉద్యోగం నిలవాలి. మెచ్చకపోతే నరీన్ కొండల్లో బడిపిల్లలకు పాటలు నేర్పుకోవాల్సిందే. రచనలో ముందు కిర్గిజ్ పాట, ఆపైన కాసేపు నిశ్శబ్దం, తర్వాత రష్యన్ పాట. కార్యక్రమపత్రంలోనూ అలాగే అచ్చేశారు.

కిర్గిజ్ పాట ఇచ్చింది గొర్రెల కాపరి కల్మత్ తాత. మర్యాదకని పిలిస్తే, ఆయన చుట్టపక్కాలందరినీ లారీ ఎక్కించుకుని దిగాడు. ముందు వరసలన్నీ తెల్ల టోపీలతో నిండిపోయాయి.

"తాతా, అయిపోయేదాకా కదలకేం. వాయించేది నీ పాటే."

"నా పాటైతే నేనెక్కడికి పోతాన్రా!"

పాట సాగుతుంటే తాతకు కళ్ళనీళ్ళు ఆగలేదు. నిశ్శబ్దం వచ్చింది. అయిపోయిందనుకున్నాడు. ఇంత సంతోషపెట్టిన కుర్రాణ్ణి దీవించకుండా ఎలా లేస్తాం? అరచేతులు చాచి, "చల్లగా ఉండు నాయనా, ఓమిన్!" అని, తథాస్తు అన్నట్టు ముఖం తడుముకున్నాడు. పెద్దాయన దీవించాక ఇంకా కూర్చునేవాడు ఉత్త మర్యాద తెలియనివాడు. హాలు హాలంతా ముఖం తడుముకుని లేచింది. కొందరు కోట్ల కోసం తలుపుల దాకా వెళ్ళారు.

ఆర్కెస్ట్రాను నడిపిస్తున్న దోరొన్‌బెక్ వెనక్కి తిరిగి, కూర్చోండి కూర్చోండి అని రెండు చేతులూ ఊపాడు. మొదటి వయొలిన్ వాయించే జినయీద పావ్లోవ్నా సర్వీసులో హాలంతా ఒక్కసారిగా లేచేది ఒక్కదానికే.

"జాతీయగీతం! అందుకోండి!" అంది.

అందుకున్నారు. తలుపుల దగ్గరివాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయారు. గ్లేబ్ అర్కాద్యెవిచ్ కూడా నిటారుగా నిలబడ్డాడు. గీతం అయ్యాక ఇక కూర్చునేదెవరు? చప్పట్లు కొట్టి జనం ఇళ్ళకు బయల్దేరారు.

"కొంప ముంచారు కదమ్మా!"

"బాగుందండీ! హాలు లేచింది, మీరు చేతులూపారు. నన్నంటారేం?"

ఇంతలో అధికారి వేదిక ఎక్కాడు. దోరొన్‌బెక్‌కు నరీన్ బడి గంట చెవుల్లో మోగింది.

"కామ్రేడ్! జనం తమంతట తాము లేచి నిలబడటం నేనెక్కడా చూడలేదు. ఇంక మిమ్మల్ని ఇక్కణ్ణుంచి కదిపేదెవరు? అన్నిటికంటే ఆ రష్యన్ పాట! మా అమ్మమ్మ పాడేది. ఏడుపొచ్చేసిందనుకోండి."

"తమలాంటివాళ్ళ కోసమే రాశానండీ," అన్నాడు దోరొన్‌బెక్.

రష్యన్ పాట ఉన్న పేజీని ఆర్కెస్ట్రాలో ఎవరూ ఇంకా తిప్పనే లేదు.