నూరు చుక్కల సీసా

ఆ రోజు కండక్టరుకి వారపు సెలవు. పశువుల ఆసుపత్రికి వెళ్ళి కోళ్ళ మందు తెచ్చి, తొమ్మిది కోళ్ళకీ కంట్లో తలా ఒక చుక్క వేసేసి, ఎండ ముదరకముందే మళ్ళీ ముసుగుతన్ని పడుకోవాలని ఆయన ఆలోచన. ఇల్లాలి ఆలోచన అంతకంటే చిన్నది. తొమ్మిదింటికీ చుక్క పడాలి. అంతే.

పోయిన వానాకాలంలో కొక్కెర తెగులు వచ్చి ఆమె దొడ్డిని ఊడ్చిపెట్టుకుపోయింది. పొద్దున గూడు తలుపు తీస్తే ఒకటి లేచేది కాదు. మర్నాడు ఇంకో రెండు. చివరికి ఒకనాడు ఖాళీ దొడ్లో గుప్పెడు గింజలు పట్టుకుని నిలబడి, ఎవరికి చల్లాలో తెలియక మళ్ళీ డబ్బాలో పోసేసుకుంది. ఆ తర్వాత ఒక నల్లపెట్టని తెచ్చి పొదిగించింది. పిల్లి కంట పడకుండా, గద్ద కాళ్ళకి చిక్కకుండా ఎనిమిది పిల్లల్ని ఇంతవాటిని చేసింది. తెగులు మళ్ళీ వచ్చిందని, కాలవ అవతలి ఇళ్ళలో కోళ్ళు మెడలు వాలేస్తున్నాయని విన్నప్పటినుంచి ఆమెకి కంటిమీద కునుకు లేదు.

కండక్టరు ఫ్లాస్కులో ఐసుముక్కల మధ్య సీసా పెట్టుకుని వచ్చేసరికి ఆమె తొమ్మిదింటినీ వంటింటి గుమ్మం పక్కన గంప కింద మూసి సిద్ధంగా ఉంది.

"కాంపౌండరు ఏమన్నాడు?"

"ఈ పొడిలో ఆ నీళ్ళు కలపాలి. కలిపాక రెండు గంటల్లో వాడెయ్యాలి, తర్వాత పనిచెయ్యదు. జబ్బు కోళ్ళని దగ్గరికి రానివ్వకూడదు," అంటూ సీసాని వెలుతురుకి ఎత్తి చూశాడు. "ఇందులో నూరు చుక్కలున్నాయట."

"ఉంటే ఉండనివ్వండి. మనకి తొమ్మిది చాలు."

"మరి మిగతావి?"

"మరిగే నీళ్ళలో పారబొయ్యమనలేదూ?"

"అన్నాడు," అన్నాడు కండక్టరు, ఎవరో పోయిన కబురు చెప్పినట్టు.

ఆయన సంగతి ఆమెకి తెలుసు. బస్సులో ఒక్క సీటు ఖాళీగా ఉన్నా ఆయన నోట "రైట్" అనే మాట రాదు. తన పెళ్ళిలో వెనక వరస కుర్చీలు ఖాళీగా ఉన్నాయని లేచి వెళ్ళి, రోడ్డున పోయేవాళ్ళని పిలుచుకొచ్చాడని ఆమె పుట్టింట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"ముందు మనవాటికి వేసెయ్యండి," అంది గంప మీద చెయ్యి వేసి.

"మనవెక్కడికి పోతాయే? గంప కిందే ఉన్నాయిగా. పాపం పక్కింటి పెద్దమ్మకి రెండు కోళ్ళున్నాయి. ఒక్క కేకేసి వస్తాను."

ఆయన కేక బస్టాండులో పెరిగిన కేక. అది పక్కింట్లో ఆగలేదు. పెద్దమ్మ రెండు కోళ్ళతో వచ్చేలోపు ఆ వెనక ఇంకో ఏడు వచ్చాయి. కండక్టరు మొహం వెలిగిపోయింది. పొడిలో నీళ్ళు కలిపేసి, గేటు బార్లా తెరిచి, మెడలో విజిల్ వేసుకుని, "రండి రండి, తోసుకోకండి, అందరికీ ఉంది!" అని మొదలుపెట్టాడు.

"ఏవండీ, మనవి?"

"ఆగవే, వాళ్ళు ఎండలో నిలబడ్డారు."

ఈలోగా ఎదురింటావిడ డాబా మీంచి తొంగిచూసింది. కొంగు చాటున కోడిని పట్టుకుని పెద్దమ్మ ముందుకి వంగి ఉంది. కండక్టరు మొహంలో మొహం పెట్టి కంట్లో చుక్క వేస్తున్నాడు. కొంగు చాటున కోడి ఉందని ఎదురింటావిడకి తెలియదు. కండక్టరు కళ్ళకి మందు వేస్తున్నాడని ఆవిడ టీ కొట్టులో చెప్పింది. టీ కొట్టు ఊరందరికీ చెప్పింది. కాసేపటికి లైనులో కోళ్ళు లేనివాళ్ళు కూడా చేరారు. ఒకరు కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుని వచ్చారు. ఒకావిడ వాళ్ళత్తగారిని చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది.

ముందు నిలబడిన తాత దగ్గరికి వచ్చి కండక్టరు అలవాటుగా, "కోడేదీ?" అన్నాడు.

"కోడెందుకు నాయనా? ఎడమ కన్ను మసక. కుడిదానికి కూడా వేసేస్తే మళ్ళీ రానక్కర్లేదు," అని తాత తల పైకెత్తి నోరు తెరిచాడు.

"తాతా, ఇది కోళ్ళ తెగులుకి!"

"ఆ తెగులు నాకు మాత్రం రాదని రాసిచ్చారా? వెయ్యి."

"కుదరదు. కోళ్ళు లేనివాళ్ళు దిగిపోవాలి!"

"మరి బాతుకి?" అని వెనకనుంచి సెలూనతను అడిగాడు. పంజరంలో చిలకని తెచ్చినవాడు మాట్లాడకుండా పంజరాన్ని వీపు వెనక దాచుకున్నాడు. ఈ గొడవలో ఒక ఎర్రపెట్ట చెయ్యి జారిపోయింది. దాన్ని పట్టుకోబోయి మరో నలుగురు తమ కోళ్ళు వదిలేశారు. ఎవరి కోడి ఏదో, దేనికి చుక్క పడిందో తెలియక తలప్రాణం తోకకొచ్చింది. ఒక పుంజుకైతే మూడుసార్లు పడింది. అది నాలుగోసారి తనే వచ్చి నిలబడింది. చివరికి కండక్టరు, చుక్క పడినదాని రెక్కమీద సిరాతో గీత గీయడం మొదలుపెట్టాడు. అది చూసి తాత, "నాకూ గీత గియ్యి, ఇంట్లో చూపించాలి," అని చొక్కా చెయ్యి పైకి లాక్కున్నాడు.

ఇల్లాలు మందిని తప్పించుకుని మొగుడి పక్కకి చేరింది. "ఐసు కరిగిపోతోంది. నా మాట వినండి. మనవి తొమ్మిదే కదా."

"ఇంటివాళ్ళం ముందు కూర్చుంటే ఏం బాగుంటుందే? ముందు బయటివాళ్ళు ఎక్కాలి."

ఏదో చెప్పబోయి ఆమె ఆగిపోయింది. లైను చివర కాలవ అవతలినుంచి వచ్చినతను చంకలో ఒక పుంజుని పెట్టుకున్నాడు. దాని మెడ తడిగుడ్డలా వేలాడుతోంది. ముక్కునుంచి చుక్కలు కారుతున్నాయి.

"అన్నా, దానికి బాగోలేదు! బయటికి తీసుకుపో!"

"బాగోలేదనేగా తెచ్చింది? బాగున్నదాన్ని మోసుకురావడానికి నాకేమైనా పిచ్చా అమ్మా?"

ఇల్లాలి గొంతు వినిపించింది కానీ కండక్టరు తలెత్తలేదు. గేటు దగ్గర మనుషులు ఆగిపోయారని మాత్రం ఆయనకి తెలిసింది. నోరు తనంతట తనే తెరుచుకుంది.

"గేట్లో నిలబడొద్దు! లోపలికి జరగండి, లోపల బోలెడు ఖాళీ!"

అతను లోపలికి జరిగాడు. పుంజుని దొడ్డి మధ్యలో దింపాడు. అది రెండడుగులు తూలి, ఇల్లాలు గింజలు చల్లే చోటే కూలబడింది.

దొడ్డి క్షణంలో ఖాళీ అయింది. ఎవరి కోడిని వాళ్ళు గుండెకి హత్తుకుని పరిగెత్తారు. పుంజు తెచ్చినతన్ని, దాన్ని చంకన పెట్టించి మరీ, ఇల్లాలే గేటు బయటిదాకా తరిమింది. ఆమె తిరిగొచ్చేసరికి కండక్టరు గంప ముందు గొంతుక్కూర్చుని, సీసాని తలకిందులు చేసి అడుగున గట్టిగా కొడుతున్నాడు.

"ఒక్కటీ లేదే," అన్నాడు. మొదట ఆ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. తర్వాత గంప సందుల్లోంచి తననే చూస్తున్న తొమ్మిది తలలు కనబడ్డాయి. గర్వం పోయింది.

ఆమె చీపురందుకుంది. ఒక్క తిట్టు తిట్టి ఉంటే ఆయనకి కాస్త తెరిపిగా ఉండేది.

అప్పుడు గోడ అవతలినుంచి పక్కింటి పెద్దమ్మ తల కనిపించింది. "అమ్మాయ్, జబ్బు పుంజు మీ దొడ్లో కూలబడిందటగా. మీ కోళ్ళని నాలుగు రోజులు మా వైపు రానివ్వకు తల్లీ. మావాటికి ఇప్పుడే మందు వేయించుకున్నాం."

"ఆ మందు వేసింది నేనే పెద్దమ్మా!"

"అందుకేగా నాయనా, ఇంత మర్యాదగా చెబుతున్నా."

ఆ రోజంతా ఇల్లాలు దొడ్డి కడిగి, బ్లీచింగు చల్లి, ఆయన చేత చెప్పులు గేటు దగ్గరే విప్పించింది. కోళ్ళని వంటింట్లోకి మార్చింది. నల్లపెట్ట బియ్యం డబ్బా ఎక్కి, అక్కడినుంచి దిగనంది. ఆమె పనిచేస్తూనే మాటిమాటికీ వచ్చి ఒక్కోదాని మెడ చూసి, నిటారుగా ఉందనుకున్నాకే వెళ్ళేది. కండక్టరు వంటింటి గుమ్మం బయట కూర్చుని, లోపలికి రమ్మంటుందేమోనని ఎదురుచూశాడు.

మర్నాడు పొద్దున ఆయన ఫ్లాస్కు అందుకోబోతే ఆమె లాక్కుంది. "నేను వెళ్తాను. మీరు డ్యూటీకి సెలవు పెట్టి గంప దగ్గర కూర్చోండి. విజిల్ ఇటివ్వండి."

సీసా తెచ్చి, గేటుకి తాళం వేసి, వంటింటి తలుపు గడియపెట్టి, పొయ్యిమీద నీళ్ళు పెట్టాకే ఆమె మందు కలిపింది. ఆయన ఒక్కో కోడినీ పట్టుకున్నాడు, ఆమె చుక్క వేసింది. ప్రతి కోడీ రెప్పవేసేదాకా వదల్లేదు. నల్లపెట్ట చివర్న రెప్పవేసింది. అప్పుడామె మొదటిసారి గట్టిగా ఊపిరి వదిలింది.

కండక్టరు సీసా వెలుతురుకి ఎత్తి చూశాడు. కిటికీలోంచి రోడ్డు వైపు చూశాడు. "వెనక వీధిలో..." అని గొణిగాడు.

"నీళ్ళు మరుగుతున్నాయి," అంది ఇల్లాలు చెయ్యి చాపి.

మిగిలిన తొంభైఒక్క చుక్కలూ మరిగే నీళ్ళలో కలిసిపోయాయి. ఆ పూట కండక్టరు భోజనం చెయ్యలేదు.