చెమట పట్టని దారి

ఒక మహానుభావుడు మా కొండ మీదికి కాలినడకన వస్తున్నాడని హుకుంపేట సంతలో మైకు పెట్టి చెప్పారు. నేను అప్పుడే పదో తరగతి పరీక్షలు రాసి, ఆశ్రమ పాఠశాల నుంచి పెట్టె తీసుకుని ఇంటికి వెళ్తున్నాను. స్పెషల్ ఆఫీసర్ గణపతిరావు గారు 'కొండకు కాలినడక' అనే కార్యక్రమం కింద బొండగుడ దాకా స్వయంగా ఎక్కి, ఆ ఊరికి రోడ్డు కావాలో వద్దో అక్కడికక్కడే తేలుస్తారట. స్వయంగా అన్న మాటను మైకు చాలాసార్లు చెప్పింది. అంతకుముందు వచ్చిన ఆఫీసర్లు మా కొండను జీపులోంచే చూసి, బాగుందని చెప్పి వెళ్ళేవారు.

బొండగుడ మా ఊరే. మా వదిన కనక కడుపుతో ఉంది. వానల్లో నెలలు నిండుతాయి. మా ఊళ్ళో ఎవరికి ఏమైనా కర్రకు దుప్పటి కట్టి, ఆ డోలీలో మోసుకుని కిందికి దింపాలి. కిందటి వానల్లో మోసేవాళ్ళు డోలీతో సహా జారారు. అందులో ఉన్న మనిషి ఆసుపత్రి చేరలేదు. అందుకే జీపు ఎక్కేపాటి రోడ్డు పడితే చాలని మా అన్నయ్య ఫల్గుణ సంతలోనే మైకుకు దణ్ణం పెట్టాడు.

సారుగారు మర్నాడే వస్తారనుకున్నాం. ఆయన బదులు గుమస్తా మంగరాజు గారు వచ్చి సంగతి చెప్పారు. సారుగారి పాదాలకు చెమట ఎక్కువ. అందరికీ పట్టే చెమట కాదది, ప్రజల గురించి ఆలోచించినప్పుడు పట్టే చెమట. పైగా ఎండాకాలం. చెమట పడితే మేజోడు తడుస్తుంది, తడిస్తే మడమ ఒరుసుకుంటుంది, ఒరుసుకుంటే బొబ్బ లేస్తుంది, బొబ్బ లేస్తే పరిపాలన కుంటుతుంది. కాబట్టి ముందు బూట్లు ఎంపిక కావాలి.

"గాలి పీల్సే బూట్లు కావాల. బ్రీతబుల్ అంటారు," అన్నారు మంగరాజు గారు.

"బూట్లు గాలి పీలుత్తాయా బాబూ?" అన్నాడు అన్నయ్య.

"పీల్సి వదుల్తాయి."

"మరి కాలు లోపలెడితే దానికి ఊపిరాడుద్దా?"

"కాలి కోసమే కదరా అది పీల్సేది."

అన్నయ్యకు బూట్ల మీద గౌరవం పెరిగింది.

ఎంపిక కోసం ఆఫీసులో ఒక కమిటీ వేశారు. కమిటీ చాలా కష్టపడింది. తోలు బూట్లు గట్టివే కానీ లోపల కాలు ఉడుకుతుందని తేల్చింది. నీళ్ళు దూరని బూట్లు తెప్పించింది. వాటిలోకి నీరు రాదు నిజమే, లోపలి చెమట బయటికీ పోదు. అటువంటి నిర్బంధ ధోరణి సారుగారికి గిట్టదు. తర్వాత వల లాంటి గుడ్డతో కుట్టిన బూట్లు వచ్చాయి. వాటిలోకి గాలి బాగా వస్తుంది, ఇసుక కూడా వస్తుంది. మేజోళ్ళ గురించి విడిగా చర్చ జరిగింది. నూలు మేజోడు చెమటను పీల్చి తన దగ్గరే ఉంచుకుంటుందని తెలిసి దాన్ని పక్కన పెట్టారు. పల్చటి ఉన్నివి తెప్పించారు. నడిచేటప్పుడు పాదాలు ఉబ్బుతాయి కనుక బూట్లు కాస్త వదులుగా ఉండాలన్నారు. సారుగారి పాదాలు ఆఫీసులో కూర్చున్నా ఉబ్బుతాయి కనుక ఇంకాస్త వదులు చేశారు.

ఈలోగా మా కొండ మీద మామిడికాయలు పండి అయిపోయాయి.

తెప్పించిన బూట్లన్నిటినీ దారి మీద పరీక్షించాలి. సారుగారి పాదాలను పరీక్షకు పెట్టడం కుదరదు. కొలత కలిసిన పాదాలు మా అన్నయ్యవి. సారుగారి కాలు సుఖపడితే సారు ఎక్కుతారు, సారు ఎక్కితే రోడ్డు వస్తుందని అన్నయ్య సంతోషంగా ఒప్పుకున్నాడు.

"ఏసుకుని ఊరిదాకా ఎక్కి దిగిరా. సర్కారు బూట్లు, గీత పడకూడదు," అని చెప్పి మంగరాజు గారు జీపులో నడుం వాల్చారు.

కొండ మొదట్లో మా ఊరి దేవత, మా తల్లి రాయి ఉంది. ఆ రాయి దాటి చెప్పులతో ఎవరూ ఎక్కరు. మా బడి మేష్టారు కూడా అక్కడే విప్పేస్తారు. అన్నయ్య ఆ రాయి దగ్గర బూట్లు విప్పి, మేజోళ్ళు లోపల దోపి, తాళ్ళు ముడేసి భుజాన వేసుకున్నాడు. ఉత్త కాళ్ళతో ఎక్కి దిగి, రాయి దగ్గర మళ్ళీ తొడుక్కున్నాడు. వెనకాలే దిగిన నాకు అందులో విశేషమేమీ కనబడలేదు. మా ఊళ్ళో ఎవరికీ కనబడలేదు.

మంగరాజు గారు లేచి బూటులో చెయ్యి పెట్టారు.

"ఏటిరా, సెమటేది?"

"నేదు బాబూ."

తోలువాటిలో పట్టలేదు. నీళ్ళు దూరనివాటిలో పట్టలేదు. వల గుడ్డవాటిలోనూ పట్టలేదు. కమిటీ ఒకరికొకరు అభినందనలు చెప్పుకుందని విన్నాం.

చివరికి సారుగారు విలేకరులను వెంటబెట్టుకుని వచ్చారు. ఆడవాళ్ళు థింసా ఆడారు. నేను అందరి వెనకాల అడ్డాకుల దొన్నెలో పూలు పట్టుకుని నిలబడ్డాను. వదిన నడుం పట్టుకుని ఒక బండ మీద కూర్చుంది. సారుగారు వల గుడ్డ బూట్లతో జీపు దిగి, ముందు బూట్ల వంక, తర్వాత మా వంక చూసి నవ్వారు. రాయి దాకా నడిచారు. అక్కడ మా పూజారి బుధు తాత అడ్డం వచ్చాడు.

"సారూ, ఇక్కడ జోళ్ళు ఇప్పీయాల. మా తల్లి ఒప్పదు."

సారుగారు మంగరాజు గారి వైపు చూశారు. మంగరాజు గారు అన్నయ్య వైపు చూశారు.

"మరి నువ్వు వేసుకునే కదా ఎక్కావు?" అని సారుగారు అడిగారు.

"నేదు సారూ. ఇప్పీసి బుజానేసుకుని ఎక్కినాను. గీత పడకూడదన్నారు కదా."

డప్పు ఆగిపోయింది. మంగరాజు గారి నుదుటికి చెమట పట్టింది, కానీ అది కమిటీ పరిధిలోకి రాదు. వదిన బండ మీద నుంచి లేచి నిలబడింది. రోడ్డు పోయినట్టేనని నాకు ఏడుపొచ్చింది. సారుగారు మాత్రం కోప్పడలేదు. అందుకే ఆయన ఆఫీసర్ అయ్యారు.

"అన్నిసార్లూ ఉత్త కాళ్ళతోనే ఎక్కావా?"

"అవును సారూ."

"కాళ్ళకేమైనా అయిందా?"

"ఏటవుద్ది సారూ."

సారుగారు విలేకరుల వైపు తిరిగారు. "చూశారా! బూట్లు కూడా అక్కర్లేని దారి ఇది. ఇంత మంచి దారిని తవ్వి రోడ్డు వేయడం గిరిజనులకు అన్యాయం. నేను తొక్కి కూడా దీన్ని పాడుచెయ్యను."

మంగరాజు గారు చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టారు కదా అని మేమూ కొట్టాం. అన్నయ్య ఒక్కడే కొట్టకుండా, వానలొస్తే మా ఆడదాన్ని ఎలా దింపాలి సారూ అన్నాడు. సారుగారి మనసు కరిగింది. డోలీ మోసేవాళ్ళ కాళ్ళు జాగ్రత్తగా ఉండాలని, పరీక్షలో మిగిలిన ఒక జత బూట్లను, కవర్ విప్పని కొత్త మేజోళ్ళతో సహా అన్నయ్యకు బహూకరించారు. డోలీ నలుగురు మోస్తారు. మిగతా ముగ్గురికీ వచ్చే బడ్జెట్‌లో చూస్తామన్నారు. తర్వాత జీపెక్కి కాలినడక కార్యక్రమం ముగించారు.

ఆషాఢంలో, వాన దంచుతున్న ఒక పొద్దున వదినకు నొప్పులు వచ్చాయి. రాయి దాటాక తొడుక్కుంటానని అన్నయ్య బూట్లను వదిన కాళ్ళ దగ్గర డోలీలో పెట్టాడు. రాయి దాకా రాకముందే ముందరి కర్ర పట్టినవాడు జారి మోకాళ్ళ మీద పడ్డాడు. వదిన ఇక ఆగలేకపోయింది. అమ్మ దగ్గరుండి పురుడు పోసింది, నేను వాన పడకుండా గోనెసంచి పైకెత్తి పట్టుకున్నాను. ఆడపిల్ల. ఏడవలేదు, నీలంగా ఉంది. మా దగ్గర తడవని గుడ్డ ఒక్కటీ లేదు. అన్నయ్య పళ్ళతో ఆ మేజోళ్ళ కవర్ చింపాడు. ఒక మేజోడు పాప తలకు తొడిగాడు, ఇంకోదాంట్లో కాళ్ళు రెండూ దూర్చాడు. అమ్మ పాపను రవికెలో పెట్టుకుంది. ఆసుపత్రి కనబడేటప్పటికి రవికెలోంచి సన్నగా ఏడుపు వినబడింది.

ఆసుపత్రి వరండాలో మంగరాజు గారు జలుబు మాత్రల కోసం నిలబడి ఉన్నారు. లోపల వదినకు సీసా ఎక్కిస్తున్నారు. ఆయన పాపను చూసి ఆగారు.

"సారుగారి మేజోడు కదరా ఇది? ఎవులేసుకున్నారు?"

"ఈ గుంట బాబూ."

మంగరాజు గారు వంగి, వేలితో మేజోడు లోపల తడిమి చూశారు.

"సెమట పట్టిందా?"

"నేదు బాబూ," అన్నాడు అన్నయ్య.

మంగరాజు గారి ముఖం వెలిగిపోయింది. మాత్రలు తీసుకోవడం కూడా మరిచిపోయి, సారుగారికి ఫోన్ చేయడానికి వానలోనే పరుగెత్తారు.